జెండా వెంట నడవాలా… దారి మనమే వెతుక్కోవాలా?

విదేశీ యాత్ర ఇప్పుడు మధ్యతరగతి ఇంటి ఖర్చుల పట్టికలో చేరింది. వెళ్లగలమా అన్న సందేహం పోయి, ఎలా వెళ్లాలన్న ప్రశ్న మిగిలింది. గ్రూప్ టూర్‌లోనా, సొంతంగానా? దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్ కుటుంబాలు ఇస్తున్న జవాబును ఒకసారి తిరగేసి చూడాల్సిన సమయం వచ్చింది.

నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ వైపు నుంచి వచ్చేవారికి హైదరాబాద్ మొదలయ్యేది ఎల్‌బీనగర్‌లో. చదువు కోసమో కొలువు కోసమో అలా వచ్చినవారిలో చాలామంది ఆ చుట్టుపక్కలే ఇళ్లు కట్టుకున్నారు. వనస్థలిపురం, కొత్తపేట, చైతన్యపురి, సరూర్‌నగర్, నాగోల్ కాలనీల నిండా రిటైరైన టీచర్లు, ప్రభుత్వోద్యోగులు, బ్యాంకు ఉద్యోగులు, చిన్న వ్యాపారులు, సాఫ్ట్‌వేర్ కొలువుల్లో కుదురుకున్న వాళ్ల పిల్లలు. ఒక తరం కిందట ఈ ఇళ్లలో యాత్ర అంటే తిరుపతి, షిరిడీ, మహా అయితే కాశీ. ఇప్పుడు వేసవి సెలవులొస్తే బ్యాంకాక్, సింగపూర్, దుబాయ్ పేర్లు వినిపిస్తున్నాయి. షష్టిపూర్తి అయ్యాక ఒక్కసారి యూరప్ చూసి రావాలన్న కోరిక పుడుతోంది. ఆ కోరిక తీర్చుకునే పద్ధతి మాత్రం చాలా ఇళ్లలో ఒకటే. పత్రికలో ప్రకటన చూస్తారు, తెలుగు మాట్లాడే టూర్ మేనేజరు ఉంటాడా, తెలుగు వంట ఉంటుందా అని అడిగి తెలుసుకుంటారు, అడ్వాన్సు కట్టేస్తారు.

గ్రూప్ టూర్‌ను చిన్నబుచ్చడం ఈ కథనం ఉద్దేశం కాదు. అది లేకపోతే ఎందరో పెద్దవాళ్లు గడప దాటేవారే కాదు. అభ్యంతరమల్లా దాన్ని ఎక్కడ వాడుకుంటున్నామన్న దాని మీదే. రైళ్లు, బోర్డులు, టాక్సీలు అన్నీ కొత్తవాళ్లకు అర్థమయ్యేలా అమర్చిపెట్టిన నగరాలకు గుంపుగా వెళుతున్నాం. అక్కడ అక్కర్లేని సాయానికి డబ్బూ కాలమూ చెల్లిస్తున్నాం. ఎత్తు, చలి, అనుమతులు, వైద్యం చిక్కులున్న యాత్రల్లో మాత్రం ఆ సాయం ఎంత గట్టిదో విచారించకుండానే డబ్బు కట్టేస్తున్నాం. తేలిక దేశానికి సొంతంగా, కష్టమైన దారికి గుంపుగా వెళ్లడమే సరైన క్రమం. మనం ఆ క్రమాన్ని తలకిందులు చేసుకున్నాం.

ఒంటరి ప్రయాణం ఈ ఇళ్లకు కొత్తా?

సొంతంగా విదేశం వెళ్లేంత ధైర్యం మనవాళ్లకు లేదని తరచూ అంటారు. దిల్‌సుఖ్‌నగర్‌ను చూసినవాళ్లెవరూ ఆ మాట ఒప్పుకోలేరు. హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, కంప్యూటర్ శిక్షణ సంస్థలతో పేరుపడిన ప్రాంతమిది. ఇక్కడ చదువుకుని, పరీక్షలు రాసి, ఇరవై రెండేళ్ల పిల్లలు రెండు సూట్‌కేసులతో బయల్దేరారు. మధ్యలో విమానం మారి, ముక్కూమొహం తెలియని ఊళ్లో దిగి, ఇల్లు వెతుక్కుని, వండుకుని నిలదొక్కుకున్నారు. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి మనదేశం మొదటి స్థానానికి చేరిన సంవత్సరం అది. 2010 నుంచి 2017 వరకు అమెరికాలో అన్నిటికంటే వేగంగా పెరిగిన భాష తెలుగేనని, మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని అక్కడి సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్ ప్రభుత్వ గణాంకాలను విశ్లేషించి తేల్చింది. ఆ అంకెల వెనక ఒంటరిగా విమానమెక్కిన మన పిల్లలున్నారు.

అంతకంటే గట్టి సాక్ష్యం వాళ్ల తల్లులు. కూతురికి పురుడు పోయడానికో, మనవణ్ని చూసుకోవడానికో అరవై దాటిన తల్లి శంషాబాద్‌లో ఒక్కతే విమానమెక్కి, దుబాయ్‌లోనో దోహాలోనో మరో విమానం పట్టుకుని, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో దిగడం ఈ కాలనీల్లో ఎవరికీ వింత కాదు. ఇంగ్లిష్ రాకపోతే చెప్పాల్సినవి కాగితం మీద రాయించుకుంటుంది. వీల్‌చెయిర్ సాయం ముందే అడిగిపెట్టిస్తుంది. ఇమిగ్రేషన్ అధికారి ఏం అడుగుతాడో, ఏం చెప్పాలో ఇంట్లోనే సాధన చేస్తుంది. పగలూ రాత్రీ కలిసిపోయే ఆ ప్రయాణాన్ని గెలిచిన తల్లే, నాలుగైదు గంటల్లో చేరుకునే సింగపూర్‌కు వెళ్లాలంటే మాత్రం గ్రూప్ లేకుండా కుదరదంటుంది.

అక్కడ విమానాశ్రయంలో కొడుకు ఎదురుచూస్తాడు కదా, అదీ ఇదీ ఒకటేనా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ కొడుకు కనిపించేది అన్నీ దాటాక. విమానం మారడం, సామాను సరిచూసుకోవడం, అధికారికి జవాబు చెప్పడం, కస్టమ్స్ దాటడం అన్నీ ఆమె ఒక్కతే చేసింది. ఆ ప్రయాణం సాధ్యపడింది ఇంటిల్లిపాదీ కూర్చుని ఆమెను సిద్ధం చేయడం వల్ల. విహారయాత్ర దగ్గరికి వచ్చేసరికి ఆ సన్నాహం ఎవరూ చేయరు, డబ్బు కట్టి ఆ పని ఇంకొకరికి అప్పగిస్తారు. లోటు సన్నాహంలో ఉంది, దాన్ని ధైర్యం మీదికి నెడుతున్నాం.

అమీర్‌పేటలో రైలు మారడం వస్తే చాలు

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీనగర్ వరకు మెట్రో మొదలైంది. మియాపూర్ దాకా కలిపితే ఎర్ర లైన్ సుమారు 29 కిలోమీటర్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి హైటెక్ సిటీ వెళ్లాలంటే అమీర్‌పేటలో దిగి, బోర్డు చూసి, రైలు పోయే దిక్కును చివరి స్టేషన్ పేరుతో గుర్తుపట్టి, నీలి లైన్ అందుకోవాలి. గృహిణులు, వృద్ధులు, ఇంటర్ పిల్లలు రోజూ చేస్తున్న పనే ఇది. సింగపూర్ ఎంఆర్‌టీలోనైనా, బ్యాంకాక్ స్కైట్రెయిన్‌లోనైనా, 2009లో మొదలైన దుబాయ్ మెట్రోలోనైనా తెలియాల్సింది ఇంతకంటే ఎక్కువ లేదు. దుబాయ్‌లో 1, 3 టెర్మినళ్ల దగ్గరే మెట్రో స్టేషన్లున్నాయి. చాంగి విమానాశ్రయంలో దిగినవారు అక్కడే ఎంఆర్‌టీ ఎక్కవచ్చు. కౌలాలంపూర్ విమానాశ్రయం నుంచి నగరం నడిబొడ్డున ఉన్న కేఎల్ సెంట్రల్‌కు ఎక్స్‌ప్రెస్ రైలు 28 నిమిషాల్లో చేరుస్తుంది. సింగపూర్‌లోనూ లండన్‌లోనూ బ్యాంకు కార్డునే గేటుకు తాకించి రైలెక్కవచ్చు, మన కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోవడం మరిచిపోకూడదంతే.

ఒకప్పుడు కాగితాల భయం నిజమైనదే. ఇప్పుడది చాలావరకు తగ్గింది. థాయ్‌లాండ్ 2023 నవంబరులో, మలేసియా అదే ఏడాది డిసెంబరులో భారతీయ పర్యాటకులకు వీసా అవసరం లేకుండా తలుపులు తెరిచాయి. వియత్నాం వీసా ఆన్‌లైన్‌లో వస్తుంది. నేపాల్, భూటాన్ వెళ్లడానికి పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డు చాలు. భూటాన్‌లో మాత్రం ప్రవేశ అనుమతి తీసుకోవాలి, భారతీయులు రాత్రికి 1,200 రూపాయల చొప్పున రుసుము కట్టాలి. సింగపూర్ వీసాకు అధీకృత ఏజెంటు ద్వారా దరఖాస్తు చేయాలి. వీసా పని ఏజెంటు చేసినంత మాత్రాన యాత్ర మొత్తం ఆయనకే అప్పగించాలని ఎక్కడా లేదు. పాస్‌పోర్టు పనికి ఎర్ర లైన్‌లోనే ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగితే సరిపోతుంది, 2025లో పాస్‌పోర్టు సేవా కేంద్రం అక్కడికి వచ్చింది. ఈ నిబంధనలు ఎప్పుడైనా మారవచ్చు కాబట్టి టికెట్ కొనేముందు ఆయా దేశాల అధికారిక సమాచారం ఒకసారి చూసుకోవడం తప్పనిసరి. ఆ పనికి ఒక సాయంత్రం చాలు.

గుంపులో పోయేది కాలం

గ్రూప్ టూర్‌లో ఎక్కువగా నష్టపోయేది డబ్బు అనుకుంటాం. నిజానికి అంతకంటే ఎక్కువ పోయేది కాలం. నలభై మంది ఒక బస్సులో కూర్చున్నప్పుడు, ఆ బస్సు అందరికంటే ఆలస్యంగా వచ్చిన మనిషి వేగంతోనే నడుస్తుంది. యూరప్ టూర్‌లో దీనికి బస్సు చట్టం కూడా తోడవుతుంది. ఐరోపా యూనియన్ నిబంధనల ప్రకారం డ్రైవరు రోజుకు 9 గంటలకు మించి బండి నడపకూడదు, వారంలో రెండు రోజులు మాత్రం 10 గంటల దాకా వెళ్లవచ్చు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగి తీరాలి. ప్రయాణికుల ప్రాణాలు కాపాడే మంచి నిబంధన ఇది. కానీ పది రోజుల్లో ఆరు దేశాలు చూపిస్తామన్న ప్యాకేజీని ఈ చట్టానికి లోబడి తయారుచేస్తే, మెలకువగా ఉన్న సమయంలో పెద్ద భాగం బస్సు కిటికీ పక్కనే గడుస్తుంది. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్‌ల మధ్య దూరం దాదాపు 500 కిలోమీటర్లు. రైల్లో మూడున్నర గంటల లోపు అయిపోయే ఈ ప్రయాణం గ్రూప్ బస్సులో, తప్పనిసరి విరామాలు కలుపుకుని, ఒక పగటిని దాదాపుగా మింగేస్తుంది.

మిగిలిన కాలాన్ని టూర్ భాషలో ఫొటో స్టాప్ అని పిలిచే ఏర్పాటు పంచుకుంటుంది. ముప్పై వేలకు పైగా కళాఖండాలు ప్రదర్శనలో ఉండే లూవ్ర్ మ్యూజియం ముందు దిగి, గాజు పిరమిడ్ దగ్గర ఫొటో తీసుకుని బస్సెక్కితే పారిస్ జాబితాలో ఒక పేరు కొట్టేయవచ్చు, లూవ్ర్‌ను చూసినట్టు కాదు. సొంతంగా వెళ్లిన మనిషి అక్కడ పూట గడపవచ్చు. బొమ్మలు చూడటం నచ్చకపోతే అసలు వెళ్లకుండా సెయిన్ నది గట్టున కూర్చోనూవచ్చు. ఈ ఎంచుకునే హక్కే యాత్రకు ప్రాణం.

కొన్ని టూర్లలో షాపింగ్ స్టాప్‌ల బెడద ఇంకొకటి. తక్కువ ధరకు జనాన్ని తీసుకెళ్లి, దుకాణాలు ఇచ్చే కమీషన్లతో లోటు పూడ్చుకునే పద్ధతి ఎంత ముదిరిందంటే, 2013 అక్టోబరులో అమల్లోకి వచ్చిన చైనా పర్యాటక చట్టం బలవంతపు కొనుగోళ్లతో నడిచే అలాంటి టూర్లను నిషేధించింది. 2016లో థాయ్‌లాండ్ ప్రభుత్వం కూడా ఈ తరహా చౌక టూర్లు నడిపేవారిపై దాడులకు దిగింది. రెండు ప్రభుత్వాలు కలగజేసుకోవాల్సి వచ్చిందంటే సమస్య యాత్రికుల చిన్న చిరాకు స్థాయి దాటినట్టే.

గుంపుగా ప్రయాణించడం మన సంప్రదాయం కదా అని ఎవరైనా అంటే కాదనలేం. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న సుమారు వంద మంది పరివారంతో కాశీకి బయల్దేరి, హైదరాబాద్ మీదుగా వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్నారు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర తెలుగు యాత్రా సాహిత్యానికి పునాది. దారి పొడుగునా ఊళ్లు, బాటలు, సుంకాలు, ధరలు, ఆచారాలు ఆయన రాసుకుంటూ వెళ్లారు. ఆయన వెంట వంద మంది ఉన్నారు, కానీ ఎక్కడ ఆగాలో, ఏం అడగాలో, ఏం గమనించాలో నిర్ణయించుకున్నది ఆయనే. కాబట్టి పేచీ పక్కన ఎంతమంది ఉన్నారన్న దానితో కాదు. యాత్ర పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే అసలు సంగతి. రెండు మూడు కుటుంబాలు కలిసి తమ యాత్ర తామే అల్లుకుంటే అదీ గుంపే, అయినా పగ్గాలు వాళ్ల చేతిలోనే ఉంటాయి.

డబ్బు లెక్క ఒకవైపే మొగ్గదు

సొంతంగా వెళితే ఖర్చు తడిసి మోపెడవుతుందన్నది ఒక భయం. సొంతంగా వెళితే సగానికి సగం మిగులుతుందన్నది దానికి ఎదురుగా వినిపించే అతిశయం. రెండూ నిజం కావు. టూర్ సంస్థ హోటల్ గదులను, బస్సులను టోకున మాట్లాడుకుంటుంది, ఆ ధర విడిగా వెళ్లేవారికి దొరకదు. స్విట్జర్లాండ్ లాంటి ఖరీదైన దేశంలో భార్యాభర్తలిద్దరే వెళితే గ్రూపే చవక కావచ్చు. ఆగ్నేయాసియా నగరాల్లో నలుగురైదుగురి కుటుంబానికి లెక్క అటుది ఇటవుతుంది. మెట్రో, అందరూ పంచుకునే టాక్సీ, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ బస వల్ల తలసరి ఖర్చు బాగా దిగుతుంది. ఒంటరి మనిషికి గ్రూప్‌లోనూ వేరే గది కావాలంటే అదనంగా కట్టాలి.

పన్ను లెక్క చాలామంది చూసుకోరు. టూర్ ప్యాకేజీ మీద 5 శాతం జీఎస్టీ ఉంది. నలుగురికి కలిపి 4 లక్షల ప్యాకేజీ అనుకుంటే ఆ ఒక్క పద్దే 20 వేలు. దీనికి తోడు 2020 అక్టోబరు 1 నుంచి విదేశీ ప్యాకేజీలు అమ్మేవాళ్లు కొనుగోలుదారుల దగ్గర టీసీఎస్ అనే ముందస్తు పన్ను వసూలు చేసి ఆదాయపన్ను శాఖకు జమ చేయాలన్న నియమం వచ్చింది. ఆ తర్వాత రేట్లూ పరిమితులూ బడ్జెట్లలో మారుతూ వచ్చాయి కాబట్టి కొనే రోజున ఎంతో అడిగి తెలుసుకోవాలి. టీసీఎస్ మన పన్ను ఖాతాలోకే చేరుతుంది, రిటర్ను దాఖలు చేస్తే సర్దుబాటు అవుతుంది లేదా వాపసు వస్తుంది. రిటర్ను వేసే అలవాటు లేని పెన్షనర్లు ఆ సొమ్మును అలాగే వదిలేసుకునే ప్రమాదముంది. విమానం టికెట్ ఒకచోట, హోటల్ మరోచోట మనమే విడివిడిగా కొనుక్కుంటే అది ప్యాకేజీ కిందికి రాదు. ఏ పద్ధతి ఎంచుకున్నా రెండింటి లెక్కా కాగితం మీద పక్కపక్కన వేసి చూసుకోవాలి. అలా చూడకుండా చవక అనో ఖరీదు అనో తేల్చేయడం తగదు.

భాష, భోజనం, భద్రత

సొంతంగా వెళ్లాలనగానే ఎదురయ్యే మూడు ప్రశ్నలివి. మొదటిది భాష. పైన చెప్పిన నగరాల్లో బోర్డులు చాలావరకు ఇంగ్లిష్‌లోనూ ఉంటాయి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2011 నుంచే తెలుగు ఉంది. ఫోన్‌లో తెలుగులో టైప్ చేసి అవతలివారికి వాళ్ల భాషలో చూపించవచ్చు. టోక్యో, సియోల్ లాంటి చోట్ల ఇంగ్లిష్ తక్కువ వినిపించినా రైలు స్టేషన్లలో దారి తప్పే పరిస్థితి అరుదు. పల్లెల్లోకి, కొండల్లోకి వెళ్లినప్పుడు భాష నిజంగానే అడ్డం వస్తుంది. అక్కడ స్థానిక గైడును రోజు లెక్కన పెట్టుకోవడం ఉత్తమం.

రెండోది భోజనం. ఈ కారణాన్ని తేలిగ్గా తీసిపారేయడం తగదు. శాకాహారులకు, మధుమేహం ఉన్నవారికి, వేళకు తినాల్సినవారికి తిండి ఆరోగ్య విషయం. అయినా సింగపూర్ లిటిల్ ఇండియాలో, కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో, దుబాయ్ కరామాలో, బ్యాంకాక్ పహురత్‌లో దక్షిణాది భోజనమో, కనీసం భారతీయ భోజనమో దొరుకుతుంది. మలేసియాలో తెలుగు సంఘం 1955లోనే ఏర్పడింది, సింగపూర్ తెలుగు సమాజం వయసు 1975 నుంచి లెక్క. మనం కొత్తగా కనిపెడుతున్న నేల కాదిది. వంటగది ఉన్న బసలో ఒక చిన్న రైస్ కుక్కరు, కందిపొడి, ఆవకాయ ఉంటే రాత్రి భోజనానికి ఎవరి మీదా ఆధారపడనక్కర్లేదు. ఏ దేశం ఏ ఆహార పదార్థాన్ని లోపలికి రానివ్వదో ముందే చూసుకోవాలి. ఉదాహరణకు ఐరోపా యూనియన్ మాంసం, పాల పదార్థాలను బయటి నుంచి తేనివ్వదు.

మూడోది, అన్నిటికంటే బరువైనది భద్రత. 2025 సెప్టెంబరులో నేపాల్‌లో ఆందోళనలు చెలరేగి ఖాట్మండూ విమానాశ్రయం మూతపడినప్పుడు రెండు వందల మందికి పైగా ఆంధ్రప్రదేశ్ వాసులు అక్కడ చిక్కుకుపోయారు. వారిలో బృందాలుగా వెళ్లిన యాత్రికులూ ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక విమానం ఏర్పాటు చేసి చాలామందిని విశాఖకు, తిరుపతికి చేర్చింది. గుంపులో ఉన్నంత మాత్రాన సంక్షోభం తప్పిపోదని ఆ ఘటన చెబుతోంది. పేర్ల జాబితా, బస చేసిన హోటలు, ఫోన్ నంబరు ఒకచోట ఉంటే సాయం త్వరగా అందుతుందన్నది మాత్రం నిజం. ఆ పని సొంతంగా వెళ్లేవారూ చేయవచ్చు. పాస్‌పోర్టు నకళ్లు, రోజువారీ బస వివరాలు ఇంట్లో ఇచ్చి, అక్కడి భారత రాయబార కార్యాలయం నంబరు వెంట ఉంచుకుంటే చాలు.

సంస్థ పేరు మీద పెట్టుకున్న నమ్మకానికీ హద్దులున్నాయి. 1841 జూలై 5న థామస్ కుక్ ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి లఫ్‌బరోకు సుమారు 500 మందిని రైల్లో తీసుకెళ్లి ఆధునిక గ్రూప్ టూర్‌కు ఆద్యుడయ్యాడు. ఆయన పేరు మోసిన బ్రిటిష్ సంస్థ 2019 సెప్టెంబరు 23న కుప్పకూలింది. మన దేశంలో ఆ పేరుతో నడుస్తున్న కంపెనీ అప్పటికే వేరు యాజమాన్యం కింద ఉంది కాబట్టి దానికి ఆ పతనంతో సంబంధం లేదు. విదేశాల్లో ఉన్న లక్షా యాభై వేల మంది బ్రిటిష్ యాత్రికులను అక్కడి ప్రభుత్వం వెనక్కి తెచ్చింది. అక్కడ ప్యాకేజీ కొన్నవారిని కాపాడే హామీ పథకం చట్టబద్ధంగా ఉంది. మన దగ్గర అలాంటి తప్పనిసరి హామీ నిధి లేదు. ఇక్కడి యాత్రికుడికి ఆసరా వినియోగదారుల రక్షణ చట్టం, చేతిలో ఉన్న రాతపూర్వక ఒప్పందం. గ్రూప్ టూర్ కొన్నంత మాత్రాన పూచీ దొరికినట్టు కాదని దీని సారాంశం.

గుంపే మేలైన చోటు

ఇక గ్రూప్ లేకుండా వెళ్లకూడని దారులున్నాయి. కైలాస మానససరోవర యాత్ర అందుకు నిలువెత్తు ఉదాహరణ. 2020 నుంచి ఆగిపోయి 2025లో మళ్లీ మొదలైన ఈ యాత్రకు విదేశాంగ శాఖ 50 మంది చొప్పున లిపులేఖ్ మార్గంలో 5 బృందాలను, నాథులా మార్గంలో 10 బృందాలను పంపింది. ముందు వైద్య పరీక్షలు, ప్రతి బృందానికి అధికారుల తోడు, దారిలో భద్రతా దళాల తోడ్పాటు ఉంటాయి. కైలాస పరిక్రమలో 5,600 మీటర్లకు పైగా ఉండే డోల్మా కనుమ దాటేటప్పుడు ఊపిరి అందకపోతే పక్కన అనుభవజ్ఞులు ఉండాలి. పైగా టిబెట్‌లోకి విదేశీయులు ఏర్పాటుచేసిన బృందంగానే వెళ్లాలన్నది చైనా నియమం. నేపాల్ మీదుగా ప్రైవేటుగా మానససరోవరానికో, ముక్తినాథ్‌కో వెళ్లేవారు ఇదే కొలత పెట్టుకోవాలి. బృందంతో వైద్యుడున్నాడా, ఆక్సిజన్ ఉందా, ఎత్తుకు శరీరం అలవాటు పడేందుకు విశ్రాంతి రోజులున్నాయా, అవసరమైతే కిందికి దించే ఏర్పాటుందా? వంటవాడు తెలుగువాడేనా అన్న ప్రశ్న వీటి తర్వాతే రావాలి.

మనుషుల పరిస్థితిని బట్టి కూడా గ్రూప్ మేలవుతుంది. జీవిత భాగస్వామిని పోగొట్టుకున్న పెద్దవారికి పది రోజులు పదిమందితో కలిసి తిని, నవ్వి, నడవడమే యాత్రలో సగం. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి సామాను మోసే మనిషి, మందుల వేళ గుర్తుచేసే మనిషి ఉండటం విలాసం కాదు. ఏడాది పొడుగునా ఇంటి పని మోసే గృహిణి, ఏ నిర్ణయమూ తీసుకోకుండా వారం గడపాలని కోరుకుంటే ఆ కోరిక పూర్తిగా న్యాయమైనది. సొంత యాత్ర పేరుతో ప్లానింగు, ప్యాకింగు, వంట మళ్లీ ఆమె నెత్తినే పడితే అది సెలవే కాదు. ఈ అభ్యంతరానికి గ్రూప్ ఒక్కటే జవాబు కానక్కర్లేదు. టికెట్లు ఒకరు, హోటళ్లు ఒకరు, రోజువారీ దారులు పదో తరగతి చదివే కొడుకో కూతురో పంచుకుంటే ఆమెకు విశ్రాంతీ దక్కుతుంది, ఇంటికి స్వేచ్ఛా దక్కుతుంది. పంచుకునే మనసు ఇంట్లో లేనప్పుడు మాత్రం ఆమె గ్రూప్ కోరుకోవడమే సబబు.

గ్రూప్‌లో వెళ్లాలని నిర్ణయించుకున్నవారు కొన్ని సంగతులు రాతలో తీసుకోవాలి. బృందంలో ఎంతమంది, రోజుకు బస్సులో ఎన్ని గంటలు, హోటళ్ల పేర్లేమిటి, అవి నగరానికి ఎంత దూరం, షాపింగ్ స్టాప్‌లు ఎన్ని, టిప్పులు ధరలో కలిశాయా, బీమా ఎంతకు ఉంది, రద్దయితే ఎంత వెనక్కిస్తారు? యూరప్‌లోని షెంగెన్ దేశాల వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా ఉండాలన్న నిబంధన ఉంది. ఎక్కడికి వెళ్లినా పెద్దవారి విషయంలో అంత జాగ్రత్తా పాటించడం మంచిది. మాట తప్పితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే దానికి రుసుము లేదు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు.

మెట్టు మెట్టుగా

తొలి యాత్రలోనే ఐదు దేశాలు చుట్టి రావాలన్న ఆరాటమే చాలామందిని గ్రూప్ వైపు నెడుతోంది. ఒక్క దేశం, ఒక్క నగరం, ఒక్క హోటలు, ఐదారు రోజులు. సొంత యాత్రకు ఇంతకంటే మంచి ఆరంభం లేదు. దీవికో కొండకో వెళ్లే రోజున స్థానికంగా నడిచే ఒక పూట టూర్‌లో చేరవచ్చు, మిగిలిన రోజులు మన ఇష్టం. ఆ అనుభవం మీద రెండో యాత్రకు రెండు నగరాలు, మూడో యాత్రకు యూరప్‌లో ఒకటో రెండో దేశాలు రైల్లో చూడవచ్చు. ఇలా దారి వెతుక్కోవడం అలవాటైన కుటుంబం తర్వాత మానససరోవరానికి బృందంతో బయల్దేరినా బేలగా వెళ్లదు. ఏం అడగాలో, ఏ హామీ ఖాళీదో, ఎక్కడ పట్టుబట్టాలో దానికి తెలుస్తుంది. సొంత యాత్ర నేర్పిన విద్య గ్రూప్ యాత్రలోనూ రక్షణ కవచమవుతుంది.

పిల్లల చదువు కోసం, మనవళ్ల కోసం, ఉద్యోగాల కోసం ఖండాలు దాటిన ప్రాంతమిది. అవసరం పిలిచినప్పుడు చూపిన ఆ చేవను ఆనందం కోసం వెళ్లేటప్పుడు పక్కన పెట్టేయడంలో అర్థం లేదు. సాయం నిజంగా కావలసిన చోట అడిగి తీసుకుందాం, గట్టిగా బేరమాడి, రాతలో తీసుకుందాం. సాయం అక్కర్లేని దేశాల్లో మన కాళ్ల మీద మనం నడుద్దాం. ఈ వేసవికి టూర్ ప్రకటన కత్తిరించి దాచుకున్న ప్రతి ఇల్లూ, అడ్వాన్సు కట్టే ముందు ఒక సాయంత్రం అందరూ కలిసి కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ దేశంలో మనకు నిజంగా కష్టమయ్యేది ఏది? జవాబుగా నాలుగు కారణాలు దొరికితే గ్రూప్‌లో చేరడమే వివేకం. ఒక్కటీ దొరక్కపోతే టికెట్లు మనమే తీసుకుందాం.